బ్రేక్ పెడల్ మెల్లగా దిగిపోతోంది, ఆయిల్ మాత్రం తగ్గట్లేదు

మాది నల్గొండ. కారు 2003 మోడల్, 800 సీసీ పెట్రోల్. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ బ్రేకులు, బూస్టర్ (కాలి ఒత్తిడిని పెంచే భాగం) ఉంది.

మూడు వారాలుగా బ్రేక్ మెత్తబడింది. పొద్దున బండి తీసినప్పుడు బాగానే ఉంటుంది. దేవరకొండ దాకా వెళ్లొచ్చాక, క్లాక్ టవర్ దగ్గర ఆగి పెడల్ తొక్కి పట్టుకుంటే 20 సెకన్లలో మెల్లగా దిగి దాదాపు కింద తగులుతుంది. వెంటనే రెండుసార్లు గబగబా తొక్కితే మళ్లీ పైకొచ్చి గట్టిపడుతుంది.

ఆయిల్ డబ్బాలో పై గీత దగ్గరే ఉంది, చుక్క కూడా తగ్గలేదు. చక్రాలు విప్పి చూశాను. డ్రమ్ముల లోపల దుమ్మే తప్ప తడి లేదు, ప్యాడ్లు సగానికి పైనే ఉన్నాయి. పాత ఆయిల్ డికాక్షన్‌లా నల్లగా ఉంటే మొత్తం తీసేసి కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ పోశాం. వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, పైపులో బుడగలు ఆగేదాకా రెండుసార్లు గాలి తీశాం. రెండు రోజులు బాగుంది, మళ్లీ అదే. వెనక బ్రేకులు లూజేమోనని హ్యాండ్ బ్రేక్ లాగి తొక్కి చూశాను, పెడల్ ఎత్తులో తేడా లేదు.

మెకానిక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే పంపు) మార్చేద్దాం అంటున్నాడు. పిల్లలు ఎక్కే బండి, ఖర్చుకు వెనకాడను. టెన్షన్‌తో బయటికి తీయడమే మానేశాను. కానీ ముందు చక్రాల రబ్బరు గొట్టాలు కారుతో వచ్చినవే, అవి ఉబ్బుతున్నాయేమోనని నా అనుమానం.

సిలిండర్ విప్పకముందే, లోపలి సీల్స్ పోయాయా లేక గొట్టాలు ఉబ్బుతున్నాయా అని కచ్చితంగా తేల్చే పరీక్ష ఏమిటి?