సెలవుల్లో పిలకాయల్ని లైబ్రరీకి పంపిన వాళ్ళు ఉన్నారా? (నెల్లూరు, ఒంగోలు వైపు)

ఇద్దరిఅమ్మ, నెల్లూరు
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, బాలాజీ నగర్. ఇద్దరు పిలకాయలు. పెద్దది ఐదో తరగతి అయిపోయి ఆరుకి వచ్చింది, చిన్నోడు ఒకటో తరగతి. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే మళ్ళీ జూన్ 12నే. ఏడు వారాలు! ఫోను లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తారు, ఇస్తే నాకు మనసొప్పదు. గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు పెడతారని పేపర్లో చూశాను. నిజంగా నడుస్తాయా, లేకపోతే మొదటిరోజు ఫోటోలు దిగి సరిపెడతారా? పెద్దదానిది ఇంగ్లీషు మీడియం, తెలుగు చదవమంటే ఒత్తుల కాడ ఆగిపోతది. చిన్నోడు ఒక తావున కూర్చునే రకం కాదు. ఉన్నదున్నట్టు చెప్పండి.

మైపాడుగాలి
మేం రెండేళ్ళ కిందట పంపాం అక్కా. పొద్దున ఎనిమిదికి పోయి పదకొండుకి ఇంటికొచ్చేవాళ్ళు. మొదటి వారం బలే ఉండింది, కథలు, శతక పద్యాలు, బొమ్మలు, చదరంగం. మూడో వారానికి సగం మంది కూడా లేరు. ఎండలు, పెళ్ళిళ్ళు, అమ్మమ్మగారి ఊళ్ళు, ఇంకేముంది. ఫీజేమీ తీసుకోలేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, లైబ్రరీకి సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటది. చాలామంది తిరగేసి అనుకుంటారు.

కనిగిరిబాబు
నా మాట వింటే ఆ ఏడు వారాలూ స్పోకెన్ ఇంగ్లీషుకో అబాకస్‌కో పంపండి. డబ్బు కట్టాం కాబట్టి వాళ్ళూ చెప్తారు, వీళ్ళూ వింటారు. ఉచితంగా వచ్చేదానికి విలువుండదు.

కావలినాన్న
బాబన్న చెప్పిందానికి పూర్తిగా ఒప్పుకోను గానీ నా అనుభవం కూడా చేదే. ఏ ఊరు, ఏ లైబ్రరీ అని అడగొద్దు, చెప్పను. మా పాపకి ఏడేళ్ళు. తీసుకుపోతే హాలంతా పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళే. పాప "నాన్నా, ఈ పుస్తకంలో ఏనుగుంది" అన్నదో లేదో పది తలకాయలు ఇటు తిరిగాయి. "గమ్మునుండమ్మా" అన్నారొకరు. సరే, బొమ్మల పుస్తకాలేమన్నా ఇమ్మంటే, అవి అద్దాల బీరువాలో ఉన్నాయి, తాళం చెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. అద్దానికి ముక్కు ఆనించి కాసేపు చూసింది. వచ్చేశాం. మళ్ళీ అడగలేదు పాప. అడగనందుకే నాకు బాధ.

గ్రూప్స్‌మూడోసారి, ఒంగోలు
అన్నా, ఆ తిరిగిన తలకాయల్లో నాలాంటోడిదీ ఒకటి ఉండే ఉంటది. మా వైపు నుంచి కూడా కొంచెం వినండి. ప్రైవేటు స్టడీ హాలుకి నెలనెలా కట్టలేక ఇక్కడికొస్తాం. ఫ్యాను, పేపర్లు, మంచినీళ్ళు, కూర్చోను కుర్చీ, ఇవే మాకు ఆధారం. నోటిఫికేషన్ పడిందంటే చీమ చిటుక్కుమన్నా కోపమొస్తది.

అయితే పోయిన వేసవిలో మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. పిల్లల్ని హాల్లో కాకుండా బయట వరండాలో, వేపచెట్టు నీడ పడే వైపు కూర్చోబెట్టాలి, తొమ్మిదిన్నరకల్లా ముగించాలి. బదులుగా మాలో రోజుకొకరు వాళ్ళకి కథ చదవాలి. నా వంతు వచ్చిన రోజు, పాలిటీ చదివి చదివి నోరెండిపోయి ఉన్నానేమో, కథ కూడా అధికరణం చదివినట్టే చదివానంట. ఒక బుడ్డోడు లేచి "అన్నా, పులి అట్టా మాట్లాడదు" అన్నాడు. ఎట్టా మాట్లాడుద్దో వాడే చేసి చూపించాడు. నెల తర్వాత చూసుకుంటే వాళ్ళ వల్ల మాకు పోయిన టైము పెద్దగా లేదు.

పాతరిజిస్టరు
అమ్మా, నేను శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాడిని. కందుకూరు వైపు ఉంటాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు కావలి నాన్నగారికి. ఆ బీరువా తాళం సంగతి నాకు కొత్త కాదు, నేనూ వేసినవాడినే. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది మేము కాబట్టి భయం. గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కైన రంగనాథన్ గారు 1931లో లైబ్రరీల కోసం రాసిన ఐదు సూత్రాల్లో మొదటిదే "పుస్తకాలు వాడటానికి" అని. పరీక్షకి దాన్ని బట్టీపట్టి పాసయ్యాం, ఉద్యోగంలో చేరగానే తాళం వేశాం. సర్వీసు సగం గడిచాక గానీ నాకు బుద్ధి రాలేదు. అప్పటినుంచీ పిల్లల పుస్తకాలు బల్లమీదే పరిచేవాణ్ణి, వెన్నులు కాదు, అట్టలు కనబడేలాగ. చిన్నపిల్లలు పేరు చూసి పుస్తకం తీయరు, బొమ్మ చూసి తీస్తారు. చిరిగినవి చిరిగాయి.

మీ పెద్దమ్మాయి ఒత్తుల సంగతి. ఇప్పుడు చాలామంది పిల్లలది ఇదే ఇబ్బంది. పుస్తకం ఎంచేటప్పుడు ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి. ఆగిన మాటకల్లా ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తికాకముందే ఐదు వేళ్ళూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇప్పటికి కాదు, దానికంటే తేలికది తీసుకోవాలి. ఆరో తరగతి పిల్ల ఒకటో తరగతి పుస్తకం తీసుకుంటే నవ్వకండి, తమ్ముడికి చదివి వినిపించమని ఇవ్వండి. మర్యాదకి మర్యాద, చదువుకి చదువు.

మా శిబిరంలో బాగా పనికొచ్చిన ఆట ఇంకొకటి. మార్కాపురం పలకలు ఒక డజను కొనిపెట్టాను. కథ చదువుతూ మంచి పట్టులో ఆపేసేవాణ్ణి. తర్వాత ఏమవుతుందో పలకమీద ఒక్క మాటలో రాయాలి, రాయలేని వాళ్ళు బొమ్మ వేయాలి. అందరూ పలకలెత్తి చూపించాక మళ్ళీ చదువు. తప్పు రాసినా బలపంతోనే గదా, ఉమ్మితో తుడిచేస్తారు. కాగితం మీద రాయమంటే బిగుసుకుపోయే పిల్లలు పలకమీద ధైర్యంగా రాస్తారు. కథ మిగతా భాగం మాత్రం నేను పూర్తి చేసేవాణ్ణి కాదు. పుస్తకం బల్లమీద వదిలేసి లేచేవాణ్ణి. దానికోసం కొట్లాట జరిగేది.

కనిగిరి బాబుగారూ, ఉచితం అన్నారు. మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. 1960 గ్రంథాలయాల చట్టం కింద పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు. మీ డబ్బే. అది మా దాకా వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అది వేరే కథ.

కనిగిరిబాబు
రసీదు చూశాను. ఉంది సార్. ఇన్నాళ్ళూ చూసుకోలేదు.

చీమకుర్తిటీచరమ్మ
సార్ చెప్పిన పలకల ఆట మా బడిలో పెడతాను, థాంక్స్.

వేసవి గురించే మాట్లాడుతున్నారు గానీ, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కూడా ఉంటాయి. వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, క్విజ్. మా పిల్లల్ని ఏటా తీసుకెళ్తాను. కానీ మన కోస్తాలో అదే వానల కాలం. ఒక ఏడాది వాయుగుండం పట్టి, బడికి సెలవిచ్చి, పోటీకి వచ్చింది ముగ్గురే. ముగ్గురికీ మూడు బహుమతులు! బహుమతులంటే గుర్తొచ్చింది, స్టీలు గిన్నెలూ టిఫిను డబ్బాలూ మానేసి పుస్తకాలివ్వమని ఎవరైనా చెప్పండి. చదవడంలో గెలిస్తే గిన్నె ఏంటండీ. (మా అత్తగారికి మాత్రం ఆ గిన్నెలే ఇష్టం.)

ఇంకొకటి, ఒకసారి వేటపాలెం తీసుకెళ్ళండి. ఒంగోలు నుంచి రైల్లో పోవచ్చు. 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మాకది ఇప్పటికీ మన ప్రకాశమే. అక్కడి పాత లైబ్రరీ సారస్వత నికేతనం 1918లో పెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర అక్కడ దాచి ఉంచారు. పిల్లలకి నేను చెప్పాలనుకున్నది పాత పత్రికల గురించి. వాళ్ళు చూసింది కర్రని. మా ఆరో తరగతి పిల్లాడు "టీచర్, కర్ర ఇక్కడ పెట్టి ఆయన ఎట్టా నడిచిపోయాడు?" అని అడిగాడు. ఇంకో కర్ర ఉండుంటదిలేరా అన్నాను. ఒంగోలు చేరేదాకా దానిమీదే చర్చ.

ఉదయగిరికొండ
మా ఊళ్ళో లైబ్రరీ ఊరికి దూరం, మా పిల్లలు ఎండలో అంత దూరం నడవలేరు. లేనివాళ్ళ కోసం చెప్తున్నా, ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. చదివే స్థాయిని బట్టి విడగొట్టి ఉంటాయి, మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. అచ్చేసుకోవడానికి కూడా అనుమతి ఉంది. నేను జిరాక్సు షాపులో నలుపు తెలుపులో తీయించి, మధ్యలో కుట్టేసి పుస్తకాలు చేశాను. రంగులు పిల్లలే వేసుకున్నారు. మా ఇంట్లో నీలం ఏనుగులు, పచ్చ కాకులు ఉన్నాయి. సాయంత్రం మా అరుగుమీద వీధి పిల్లలందరూ చదువుతారు. ఫోనులోనే చూపిస్తే సరిపోదా అంటారు, సరిపోదు, రెండో పేజీకే యూట్యూబుకి దాటుకుంటారు.

మైపాడుగాలి
నీలం ఏనుగు ఫోటో పెట్టన్నా.

ఇద్దరిఅమ్మ, నెల్లూరు
అందరికీ చాలా చాలా థాంక్స్. వారం నుంచి పోతున్నాం. మొదటిరోజు ఏమైందో చెప్తే నవ్వుతారు. మైపాడుగాలి చెల్లి అంత స్పష్టంగా చెప్పినా శుక్రవారమే పోయాం. తాళం. ఆటోకి రానూపోనూ దండగ.

శనివారం నుంచి పర్లేదు. శిబిరంలో ఇరవై మంది దాకా ఉన్నారు. మా పెద్దది ఐదు వేళ్ళ లెక్క పెట్టి రెండు పుస్తకాలు వెనక్కి పెట్టేసింది, మూడోదానికి రెండు వేళ్ళే ముడిచింది. అది ఇంటికి తెచ్చుకుంది. మా నెల్లూరు యాసలో రాసిన కథ ఒకటి అక్కడి మేడమ్ చదివితే "అమ్మా, పుస్తకంలో కూడా 'పిలకాయలు' అని రాస్తారా?" అని ఆశ్చర్యపోయింది. బడి పుస్తకంలో ఎప్పుడూ చూళ్ళేదు గదా. ఇప్పుడు జేజికి ఫోన్ చేసి అదే పేజీ చదివి వినిపిస్తా ఉంది. ఒత్తుల కాడ ఇంకా ఆగుతానే ఉంది, కానీ జేజి అవతల నుంచి అందిస్తా ఉంది.

చిన్నోడి సంగతే కష్టం. కథ చెప్తున్నంతసేపూ వరండా చుట్టూ తిరుగుతాడు. వినట్లేదనుకున్నా. ఇంటికొచ్చి కథ మొత్తం వాళ్ళ నాన్నకి చెప్పాడు.

ఇప్పుడు అసలు సమస్య. వాడు లైబ్రరీ పుస్తకంలో ఒక పేజీ చింపాడు, సగం దాకా. సెల్లోటేపు వేసి గమ్మున ఇచ్చేయమంటున్నారు మా ఆయన. పాతరిజిస్టరు సార్, ఏం చేయమంటారు?

పాతరిజిస్టరు
సెల్లోటేపు మాత్రం వద్దమ్మా. కొన్నాళ్ళకి పసుపుపచ్చగా అయిపోయి, జిగురు కాగితంలోకి దిగుతుంది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు. చెంచా మైదా చిన్న గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద గంజిలా అయ్యేదాకా తిప్పండి. బైండింగు వాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం, మీరు కలపొద్దు. చిరిగిన అంచులు సరిగ్గా కలిపి, పల్చటి తెల్లకాగితం పట్టీకి జిగురు లేతగా రాసి వెనకవైపు అంటించండి. పైనా కిందా ప్లాస్టిక్ కవరు పెట్టి, దానిమీద బరువైన పుస్తకం ఏదన్నా ఉంచి రాత్రంతా వదిలేయండి. ఇచ్చేటప్పుడు మాత్రం అబ్బాయినే తీసుకెళ్ళి "చిరిగింది, అంటించాం" అని చెప్పించండి. దాచొద్దు.

ఇద్దరిఅమ్మ, నెల్లూరు
జిగురు కాచాం సార్. సగం పేజీకి, సగం వాడి మోచేతులకి. బరువుకి పంచాంగం చాల్లేదు, రుబ్బురోలు పొత్రం పెట్టాం. ఎనిమిదికల్లా పోయి వాడితోనే చెప్పిస్తా. రేపు శుక్రవారం కాదు, రెండుసార్లు చూసుకున్నా.