పెరట్లో పండిన టమాటాకు కూడా రుచి ఎందుకు రావడం లేదు?

పెరటిమొక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా పెరట్లో టమాటా పెంచుతున్నాను. కాపుకు లోటు లేదు. మొక్కలు ఏపుగా ఎదుగుతాయి, కాయలన్నీ ఒకే పరిమాణంలో గుండ్రంగా, గట్టిగా వస్తాయి, కోసిన తరువాత రెండు వారాలైనా మెత్తబడవు. కానీ ముక్క నోట్లో పెట్టుకుంటే పులుపూ తీపీ వాసనా ఏవీ తెలియవు, తడి మాత్రమే తెలుస్తుంది. కొన్న కాయకూ నేను ఇంత శ్రమపడి పండించిన కాయకూ తేడా లేకపోవడం నన్ను చాలా బాధిస్తోంది.

తోటకు రోజుకు ఆరు గంటల ఎండ ఉంటుంది. ఉదయం, సాయంత్రం రెండు పూటలా నీళ్లు పోస్తాను, పదిహేను రోజులకు ఒకసారి యూరియా వేస్తాను. విత్తనాల పొట్లం మీద హైబ్రిడ్ అనీ, దూర రవాణాకు అనువైన రకమనీ రాసి ఉంది. లోపం విత్తనంలో ఉందా, నా పెంపకంలో ఉందా? రుచి కోసమే పెంచదగిన రకాలేవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

నారుమడి:

పెరటిమొక్క గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు ఆ పొట్లం మీదే ఉంది. దూరం మోసుకెళ్లినా నలగకూడదు, ఎక్కువ రోజులు నిలవాలి, కాయలన్నీ ఒకే రంగులో పండాలి అన్న లక్ష్యాలతో తయారుచేసిన రకంలో రుచి వెనుకబడిపోవడం తరచుగా జరిగేదే.

దీనికి ఒక స్పష్టమైన కారణం 2012లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధనలో తేలింది. పాత రకాల పచ్చికాయకు తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. పండినప్పుడు ఆ భాగం ఆలస్యంగా ఎరుపెక్కుతుంది కాబట్టి కాయ అందంగా కనబడదని, పట్టీ లేకుండా సమంగా పండే మొక్కలనే దశాబ్దాల పాటు ఎంపిక చేస్తూ వచ్చారు. ఆ ఎంపికలో చెడిపోయిన జన్యువు కాయలోని హరితరేణువులను, అంటే ఎండను వాడుకుని చక్కెర తయారుచేసే ఆకుపచ్చని సూక్ష్మ భాగాలను, పెంచే జన్యువని తరువాత తెలిసింది. హరితరేణువులు తగ్గితే కాయ తానుగా తయారుచేసుకునే చక్కెర కూడా తగ్గుతుంది. అందువల్ల పచ్చికాయ భుజాలు ముదురు ఆకుపచ్చగా ఉన్న మొక్క కనబడితే దాన్ని లోపంగా భావించకండి.

రకాల విషయానికి వస్తే, పెద్ద కాయల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బ్రాండీవైన్. దీని ఆకు బంగాళాదుంప ఆకును పోలి ఉంటుంది, కాయ గులాబి రంగులో, పలుచని తోలుతో ఉంటుంది. నాటిన తరువాత తొలి పండుకు ఇంచుమించు మూడు నెలలు పడుతుంది, కాపు కూడా తక్కువే. అంత ఓపిక లేనివారు చెరొకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్ రకాలను ప్రయత్నించవచ్చు. పండినా వాటిలో పత్రహరితం పూర్తిగా పోకుండా ఎరుపుతో కలిసి ఉంటుంది, ఆ ముదురు ఊదా గోధుమ రంగు దానివల్లనే వస్తుంది. చెర్రీ రకాల్లో సన్‌గోల్డ్ అనే నారింజ రంగు కాయను మించినది నాకు ఇంతవరకు దొరకలేదు. అది హైబ్రిడ్ రకమే కాబట్టి, హైబ్రిడ్ అనగానే రుచి ఉండదని అనుకోనవసరం లేదు. ఆ రకాన్ని ఏ ఉద్దేశంతో తయారుచేశారన్నదే చూడాలి. సాధారణంగా కాయ చిన్నదయ్యే కొద్దీ తీపి చిక్కబడుతుంది.

అయితే తీపి ఒక్కటే రుచి కాదు. చక్కెర, పులుపు, వాటికి తోడు ముక్కుకు అందే సువాసన పదార్థాలు కలిస్తేనే టమాటా రుచి. 2017లో 398 రకాల జన్యుక్రమాలను పరిశీలించిన ఒక పరిశోధన, ఆధునిక వాణిజ్య రకాల్లో ఈ సువాసన పదార్థాలు చాలావరకు తగ్గిపోయాయని చూపింది. ఎరువు ఎంత మార్చినా విత్తనంలో లేని వాసన కాయలోకి రాదు.

కుండీతోట:

నారుమడి గారు చెప్పిన రకాలన్నీ మంచివే, కానీ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. రోజుకు రెండు పూటలా నీళ్లు, పదిహేను రోజులకు ఒకసారి యూరియా కొనసాగితే చెరొకీ పర్పుల్ అయినా చప్పగానే పండుతుంది. నీరు ఎక్కువైతే కాయ బరువు పెరుగుతుంది, దానిలోని చక్కెర, పులుపు పలచబడతాయి. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుల మీదే దృష్టి పెడుతుంది. పూత మొదలయ్యాక యూరియా పూర్తిగా ఆపి, బాగా చివికిన పశువుల ఎరువు, పొటాష్ అందేలా చూడండి. కాయలో చక్కెర చేరడానికీ పులుపు నిలవడానికీ పొటాష్ అవసరం.

మొక్క నేలలో ఉంటే వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, అక్కడ మట్టి పొడిగా తగిలినప్పుడే వేర్ల అడుగుదాకా తడిసేలా నీరు పెట్టాలి. కాయలు పూర్తి పరిమాణానికి వచ్చాక ఆ ఎడం ఇంకొంచెం పెంచాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. నేను ఒక ఏడాది రుచి మీద ఆశతో మొక్కలు వాడిపోయేదాకా ఎండగట్టాను. ఆ తరువాత ఒక్క రాత్రి కురిసిన వానకు బ్లాక్ క్రిమ్ కాయలన్నీ తొడిమ దగ్గర వలయాలుగా పగిలిపోయాయి, కొత్త పిందెలకు అడుగున నల్లని కుళ్ళు వచ్చింది. నీటి సరఫరా ఒడుదొడుకులుగా ఉంటే కాల్షియం కాయ కొనదాకా చేరకపోవడమే ఆ కుళ్ళుకు కారణం. పాదులో ఎండుటాకులు మందంగా పరిస్తే తేమ ఒకేలా నిలుస్తుంది.

కుండీలో పెంచేవారు బ్రాండీవైన్ వంటి పెద్ద రకాలకు కనీసం 50 లీటర్ల మట్టి పట్టే పాత్ర వాడాలి. ఇంకొక విన్నపం, ఎండ తగలాలని ఆకులన్నీ తుంచేయకండి. చక్కెర తయారయ్యేది ప్రధానంగా ఆకులోనే. నేలను తాకే ఆకులనూ జబ్బు పడిన ఆకులనూ మాత్రం తీసేస్తే సరిపోతుంది.

పెరటిమొక్క:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీటి విషయంలో నేను చేసినది తప్పేనని అర్థమైంది. ఇంకొక సందేహం ఉంది. ఎండలు ముదిరి 35 డిగ్రీలు దాటిన రోజుల్లో పూత రాలిపోతోంది, నిలిచిన కాయలు కూడా ఎర్రబడక నారింజ రంగులోనే ఆగిపోతున్నాయి. పక్షుల భయంతో దోరగా ఉన్నప్పుడే కోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. దీనివల్ల కూడా రుచి పోతుందా?

గింజలపెట్టె:

దోరగా కోయడంలో పెద్ద నష్టం లేదండీ, నష్టమంతా ఫ్రిజ్‌తోనే. కాయ మీద గులాబి ఛాయ కనబడిందంటే పండే ప్రక్రియ లోపల మొదలైనట్లే. అప్పుడు కోసి గదిలో నీడన ఉంచితే రుచి దాదాపు తగ్గకుండా పండుతుంది. సుమారు 12 డిగ్రీల కన్నా చల్లని చోట పెడితే మాత్రం సువాసన పదార్థాలను తయారుచేసే జన్యువుల పని మందగిస్తుంది. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో 5 డిగ్రీల వద్ద వారం ఉంచిన కాయలను తిరిగి మామూలు వేడికి తెచ్చినా వాసన పూర్తిగా కోలుకోలేదు. తీపి, పులుపు పెద్దగా మారవు కాబట్టి పోయినదేమిటో నాలుక చెప్పలేదు, ముక్కు మాత్రమే చెబుతుంది.

పూత రాలడానికి వేడే కారణం. పగలు 32 డిగ్రీలు, రాత్రి 21 డిగ్రీలు దాటితే పుప్పొడి బలహీనపడి పిందె కట్టడం తగ్గుతుంది. ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా 30 డిగ్రీలు దాటాక సరిగా తయారు కాదు. అందుకని మీ ప్రాంతంలో వేడి మొదలయ్యే నెల నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నారుకు ఆరు వారాలు, పెద్ద రకాలకు నాటిన తరువాత సుమారు 85 రోజులు పడతాయి. ఆలస్యమైపోతే చెర్రీ రకాలే నాటండి, అవి వేడిని కొంత మెరుగ్గా తట్టుకుంటాయి.

నచ్చిన కాయ నుంచి గింజలు దాచుకోవాలని ఉంటే గుజ్జుతో సహా గిన్నెలో రెండు మూడు రోజులు పులియబెట్టి, జిగురు విడిచాక కడిగి నీడలో ఆరబెట్టండి. సన్‌గోల్డ్ గింజ మాత్రం, అది హైబ్రిడ్ కాబట్టి, తల్లి మొక్కలాగా రాదు. బ్రాండీవైన్ పువ్వులో కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) కొంచెం బయటికి వచ్చే అవకాశం ఉంది కాబట్టి, మొగ్గ విచ్చుకోకముందే దానికి పలుచని గుడ్డ సంచి కడితే ఇతర రకాల పుప్పొడి సోకదు.

పెరటిమొక్క:

ఈసారి రెండు చెరొకీ పర్పుల్, ఒక బ్లాక్ క్రిమ్, ఒక సన్‌గోల్డ్ నాటాలని నిర్ణయించుకున్నాను. పోల్చి చూడడానికి పాత హైబ్రిడ్ మొక్కను కూడా ఒకటి ఉంచి, దానికి కూడా అదే నీరు, అదే ఎరువు ఇస్తాను. కాండానికీ ఆకు కాడకూ మధ్య మొలిచే చంక పిలకలను తీసేశాక మళ్లీ నాటుకోవచ్చా?

నారుమడి:

తప్పకుండా నాటుకోవచ్చు. జానెడు పిలకను తీసుకుని, కింది ఆకులు తుంచి నీటి గ్లాసులో నీడన ఉంచితే వారం పది రోజుల్లో వేర్లు వస్తాయి. అది తల్లి మొక్క రకమే కాబట్టి సన్‌గోల్డ్‌ను విత్తనం లేకుండా పెంచుకోవడానికి ఇదే మంచి దారి. వేర్లు అంగుళం పొడవు కాగానే మట్టిలోకి మార్చండి, మరీ పొడవు పెరిగాక మారిస్తే అవి సులభంగా విరుగుతాయి.