డిజైన్, ఫొటోగ్రఫీలలో సొంత అభిరుచి ఎలా ఏర్పడుతుంది?

ప్రశ్న: పెరంబూరు డిజైనర్

నమస్కారం. చెన్నైలో ఒక చిన్న సంస్థలో గ్రాఫిక్ డిజైనరుగా పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో మైలాపూరు మాడవీధుల్లోనూ, కాశిమేడు చేపల రేవులోనూ ఫొటోలు తీస్తుంటాను. సాంకేతికంగా పెద్ద లోపాలు లేవనే అంటారు. అయితే నా పోస్టర్లను, ఫొటోలను ఇతరుల పనుల మధ్య పేరు లేకుండా ఉంచితే, నావేవో నేనే గుర్తుపట్టలేనేమోనన్న అనుమానం వేధిస్తోంది. పింటరెస్టులో వందల బొమ్మలు దాచుకున్నాను, ప్రీసెట్లు (ఒక్క నొక్కుతో ఫొటో రంగులు, వెలుతురు మార్చే సిద్ధ సెట్టింగులు) కొన్నాను, కంపోజిషన్ నియమాలన్నీ చదివాను. ఏది బాగుందో చెప్పగలను గానీ, అది నాకెందుకు నచ్చిందో చెప్పలేకపోతున్నాను. ఇది సాధనతో వచ్చేదేనా? వచ్చేదైతే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఎగ్మూరు పాఠకురాలు

సాధనతో వచ్చేదేనండి. కాకపోతే వందల బొమ్మలు దాచుకునే అలవాటున్నవారు ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడటం అరుదు. తెలుగువారి అదృష్టం కొద్దీ అమరావతి శిల్పాలలో పెద్ద భాగం ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోనే ఉంది. వాటిలో మదమెక్కిన నాళాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే ఘట్టాన్ని గుండ్రటి చట్రంలో చెక్కిన శిల్పం ఒకటి ఉంది, దాన్ని చూడండి. ఒకవైపు ఏనుగు జనం మీదికి విరుచుకుపడుతుంటుంది, మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లి ఉంటుంది. రెండు క్షణాల మధ్య గీత లేదు, అయినా కథ ఎటు నడుస్తోందో మన కన్ను తడబడదు. గందరగోళం ఉన్న చోట దేహాలు ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి; బుద్ధుడున్న చోట నిలువు గీతలు, కాస్త ఖాళీ. అంటే, భావాన్ని మోస్తున్నది ముఖకవళికల కంటే ఎక్కువగా గీతల వాలే. అరిగిపోయిన ముఖాలున్న పలకల్లో కూడా ఉద్వేగం మిగిలి ఉండటానికి కారణం బహుశా ఇదేనని నాకనిపిస్తుంది.

అక్కడ కెమెరా తీయకుండా, మీ కన్ను మొదట ఎక్కడ ఆగింది, తరువాత ఎటు వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది అన్నవి తెలుగులోనే రాసుకోండి. ‘అద్భుతం’, ‘అందం’ వంటి మాటలను నిషేధించుకుంటే, ఆ రాతలో మీకు మాత్రమే కనబడినవి బయటపడతాయి.

సమాధానం: అడయారు ఫొటోగ్రాఫర్

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. శిల్పం ముందు నేర్చిన చూపు వీధిలోకి రాగానే పనిచేయదు, ఎందుకంటే వీధిలో మనకు దొరికేది వెలుతురు. ప్రశ్న అడిగినవారు కొన్న ప్రీసెట్లు ఏ వెలుతురు కోసం తయారయ్యాయో ఆలోచించాలి. చెన్నై సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు మధ్యలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఉదయం కూడా దాదాపు నిటారుగా పైకి ఎక్కుతాడు కనుక, ఐరోపావారు తమ పాఠాల్లో చెప్పే సుదీర్ఘమైన బంగారు వెలుతురు ఇక్కడ త్వరగా ముగిసిపోతుంది. ఆ లేత రంగులను మన ఎండ మీద బలవంతంగా రుద్దితే చిత్రం నీరసపడుతుంది. మన ఎండ ఇచ్చేది గట్టి నీడ. జార్జ్‌టౌన్ ఇరుకు సందుల్లో గోడమీద కోసినట్టు పడే నీడనూ, నవంబరులో ఈశాన్య రుతుపవనాల మబ్బు కింద నీడే లేకుండా పరచుకునే వెలుతురునూ విడివిడిగా, ఏ ప్రీసెట్టూ వాడకుండా, కొన్ని నెలలు తీసి చూడండి. రెండింటిలో మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఫొటోలు ఫోనుతో తీస్తుంటే ఇంకొక చిక్కుంది: ఫోను అనేక ఫ్రేములను కలిపి నీడలను తనంతట తానే తేలిక చేస్తుంది. అందరి ఫొటోలూ ఒకేలా ఉండటానికి అదొక ముఖ్య కారణం. రా ఫార్మాట్‌లో, అంటే ఫోను మార్పులు చేయకముందు కెమెరా నమోదు చేసిన రూపంలో తీస్తే, ఆ నిర్ణయం చాలావరకు మీ చేతికి వస్తుంది.

సమాధానం: పెరంబూరు డిజైనర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫొటోల సంగతి కొంత అర్థమైంది. పోస్టర్ల విషయంలో క్లయింటు కోరింది చేయక తప్పదు కదా. అక్కడ సొంత అభిరుచికి చోటెక్కడ?

సమాధానం: టి.నగర్ టైపు ప్రేమికుడు

రంగు, బొమ్మ క్లయింటు చెబుతాడు. అక్షరాల మధ్య, వరుసల మధ్య ఖాళీ గురించి మాత్రం దాదాపు ఎవరూ చెప్పరు. అక్కడ మీరే రాజు. ఇంగ్లీషుకు సరిపోయేలా వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి 1.2 రెట్లుగానే తెలుగుకూ ఉంచితే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి. అయినా ఈ నగరంలో కనబడే తెలుగు పోస్టర్లలో సగం అలాగే ఉంటాయి, అదొక చిరకాల బాధ. 1.5తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుతూ పోండి. చెన్నైలోనే జీవించిన బాపు గారి అక్షరాలను గమనించండి: వత్తును ఇరుకున కుక్కవలసిన అడ్డంకిగా చూడకుండా, గీతకు సహజమైన కొనసాగింపుగా ఆయన వాడుకున్నారు. ఆ చేతిరాత ఫాంటుగా కూడా వచ్చింది గనుక దాన్నే పోస్టరులో పెట్టేయాలనిపిస్తుంది. అలా చేస్తే అది ఆయన అభిరుచే అవుతుంది. ఆయన ఎక్కడ ఖాళీ వదిలారో చూసి, మీరెక్కడ వదులుతారో నిర్ణయించుకోండి. తిరస్కరించిన డ్రాఫ్టులను కూడా కారణం రాసి దాచండి. కొంతకాలానికి ఆ కారణాల్లో ఏవి పదేపదే వస్తున్నాయో చూస్తే, మీరు వెతుకుతున్న జవాబు అక్కడ కొంత దొరకవచ్చు.

సమాధానం: ఎగ్మూరు పాఠకురాలు

ఒక చిన్న చేర్పు: మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం రద్దీ ఎక్కువ కాబట్టి, వీలైతే పనిరోజున ఉదయం తెరవగానే వెళ్ళండి.