వెనక నుంచి గుద్దారు, ఇన్సూరెన్స్ వాళ్ళు వెంటనే సంతకం పెట్టమంటున్నారు, పెట్టెయ్యాలా?

ప్రశ్న:
సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఒకతను వెనక నుంచి వచ్చి గుద్దేశాడండి. తప్పు తనదేనని అక్కడే ఒప్పుకున్నాడు, ఫోటోలు, పాలసీ వివరాలు అన్నీ తీసుకున్నా. ఐదో రోజు వాళ్ళ ఇన్సూరెన్స్ నుంచి ఫోన్, బంపర్‌కి లైట్‌కి పెయింట్‌కి కలిపి ఇంత ఇస్తాం, ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టి పంపండి రెండ్రోజుల్లో డబ్బు పడుతుంది అన్నారు. కానీ డిక్కీ మూస్తే ఎడమ పక్క వేలు పట్టేంత సందు ఉండిపోతోంది, పైగా మూడో రోజు నుంచి నాకు మెడ పట్టేసింది. యాక్సిడెంట్ ఎలా జరిగిందో ఫోన్‌లో నా మాటల్లో స్టేట్‌మెంట్ రికార్డ్ చేస్తాం అని కూడా అంటున్నారు. భయంగా ఉంది, ఏం చెయ్యమంటారు?

రిప్లై 1:
దయచేసి ఇప్పుడే పెట్టకండి. ఆ కాగితంలో ఫుల్ అండ్ ఫైనల్ అని ఉంటే ఇక ఈ యాక్సిడెంట్ గురించి ఏమీ అడగను అని మీరు రాసిచ్చినట్టే, తర్వాత ఏం బయటపడినా చాలా కష్టం. కొన్నిటిలో కారుతో పాటు ఒంటికి తగిలిన దెబ్బలు కూడా కలిపేస్తారు, ప్రతి లైనూ చదవండి. డిక్కీ సందు అంటే లోపల ఏదో వంగి ఉండొచ్చు. బంపర్ ప్లాస్టిక్ మళ్ళీ పొంగి బాగానే కనిపిస్తుంది, దాని వెనక ఇనప బీమ్ వంగిపోయి ఉంటుంది, నాకు సరిగ్గా ఇదే జరిగింది. గ్యారేజీలో బంపర్ ఊడదీయించి ఫోటోలు తీయించి సప్లిమెంటరీ ఎస్టిమేట్ (మొదట కనపడని డ్యామేజ్‌కి అదనపు ఖర్చు అంచనా) రాయించండి, సర్వేయర్, అంటే డ్యామేజ్ చూడ్డానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే ఆయన, వచ్చి చూసేదాకా రిపేర్ మాత్రం మొదలుపెట్టనివ్వద్దు.

రిప్లై 2:
ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అండి, కారు సంగతి తర్వాత. వెనక నుంచి గుద్దినప్పుడు మెడ నొప్పి ఒకటి రెండు రోజులు ఆగి రావడం మామూలే, ఆలస్యం చేస్తే ఆ నొప్పికీ యాక్సిడెంట్‌కీ సంబంధం లేదంటారు. స్టేట్‌మెంట్‌లో ఎలా ఉన్నారు అంటే బాగానే ఉన్నానండి అనేస్తాం కదా అలవాటుగా, అది అనకండి. అసలు అవతలి కంపెనీకి రికార్డింగ్ ఇవ్వాలో వద్దో ముందు మీ కంపెనీని అడగండి. మీకు ఓన్ డ్యామేజ్ కవర్ (మీ కారు డ్యామేజ్‌కి మీ పాలసీయే డబ్బిచ్చే భాగం) ఉంటే మీ కంపెనీలోనే క్లెయిమ్ చేసుకోవచ్చు, పాలసీ ప్రకారం మీరు పెట్టుకోవాల్సిన వాటా కొంత పోతుంది కానీ మిగతాది వాళ్ళు ఇస్తారు. ఎలాగైనా మీ వాళ్ళకి ఈరోజే చెప్పెయ్యండి, ఆలస్యం అయిందని కూడా క్లెయిమ్‌కి పేచీ పెట్టొచ్చు.

రిప్లై 3:
ఇంకొకటి, ఫోన్‌లో ఎవరేం చెప్పినా వెంటనే క్లెయిమ్ నంబర్ వేసి, మీరు ఇలా అన్నారు సరేనా అని మెయిల్ పెట్టండి. నా క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ వాళ్ళు ముగ్గురు మారారు, ప్రతివాళ్ళూ మొదటి నుంచి చెప్పమనేవాళ్ళు, ఆ మెయిల్సే కాపాడాయి. తగ్గించి ఇస్తామంటే ఏ పార్ట్‌కి ఎంత, పాలసీలో ఏ క్లాజ్ (నిబంధన) ప్రకారం అని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్ అండి, సంతకం పెట్టలేదు. ఇవాళ బంపర్ తీయిస్తే బీమ్ ఎడమ వైపు లోపలికి వంగి ఉంది, డిక్కీ కింద రేకు కూడా మడత పడింది. ఫోటోలు రెండు కంపెనీలకీ పంపా, సర్వేయర్ వచ్చి చూస్తానన్నాడు. సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా.