ముసురు మొదలైంది, 24 రోజుల వనరాజ కోడిపిల్లలు నెత్తురు రెట్ట వేస్తున్నాయి

కోవూరు_పెరడు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. 25 వనరాజ రకం పెరటి కోడిపిల్లలు తెచ్చాం, ఈరోజుకి 24 రోజులు. గది 8 అడుగులకి 5 అడుగులు, మట్టి నేల, మీద రెండంగుళాల వరి ఊక. పైన సిమెంటు రేకు, మూడు వైపులా గోడ, ఉత్తరం వైపు మాత్రం మెష్. నాలుగు రోజులుగా ముసురు పట్టింది. జల్లు లోపలికి కొట్టి మెష్ వైపు ఊకంతా తడిసింది.

నిన్నటి నుంచి 4 చనిపోయాయి. ఇంకో ఆరేడు రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని మూలన నిలబడుతున్నాయి. రెట్ట కాఫీ రంగులో పడుతోంది, కొన్ని చోట్ల పచ్చి నెత్తురే. మేత ముట్టడం లేదు, నీళ్లు తాగుతున్నాయి. మేత స్టార్టర్ మాష్ (చిన్న పిల్లలకి పెట్టే పొడి మేత). 7వ రోజు లసోటా (కొక్కెర తెగులు టీకా) కుళాయి నీళ్లలో కలిపి పెట్టాం. గంబోరో టీకా వెయ్యలేదు.

ఇది కొక్కెర తెగులేనా? మిగతా 21 దక్కుతాయా? డిసెంబరు దాకా మనకి వానలే కదా, గూడు ఎట్ట మార్చుకోవాలో కూడా చెప్పండి.

కావలి_గంప:

కొక్కెర కాదన్నా. కొక్కెరలో రెట్ట పచ్చగా, మధ్యమధ్య సున్నం కలిపినట్టు తెల్లగా పడుతుంది. పిల్ల నోరు తెరిచి గురగురమంటుంది, తట్టుకుని మిగిలినవాటికి మెడ మెలిక పడుతుంది. మీరు చెప్పినవి నెత్తురు పారుడు లక్షణాలు, డాక్టర్లు కాక్సీడియోసిస్ అంటారు. 3 నుంచి 6 వారాల పిల్లల్లోనే ఇది ఎక్కువ, మీ పిల్లల వయసు కూడా సరిగ్గా అదే.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. రెట్టలో పడ్డ కాక్సీడియా క్రిమి గుడ్డు పడీ పడగానే ఏమీ చెయ్యలేదు. తడి, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికి వస్తుంది. పిల్ల ఊక గీరుతూ దాన్ని మింగాక, నెత్తురు కనపడేదానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. అంటే నిన్న చచ్చిన పిల్లలు వాన మొదలవకముందే మింగాయి. మీ గదిలో అంతకుముందే ఎక్కడో తడి ఉంది. నూటికి తొంభై పాళ్లు అది నీళ్ల గిన్నె చుట్టూనే ఉంటుంది. పైపైన పొడిగా కనిపించినా అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఇంకోటి, ఈ ముసురులో తడిసిన ఊకవల్ల వచ్చే దెబ్బ ఇంకా బయటపడలేదు. రాబోయే మూడు నాలుగు రోజుల్లో పడుతుంది. అందుకే హుషారుగా ఉన్న పిల్లలకి కూడా ఈరోజే మందు మొదలవ్వాలి.

మందు ఆంప్రోలియం, 20 శాతం పొడి. ప్యాకెట్టు మీద శాతం చూడండి, వేరేదైతే ఈ లెక్క పనికిరాదు. లీటరు నీళ్లకి 1.2 గ్రాములు, 5 రోజులు. తర్వాత లీటరుకి 0.3 గ్రాములు, ఇంకో వారం. ఈ వయసులో 21 పిల్లలు రోజుకి రెండు లీటర్లకి మించి తాగవు. పొద్దున ఒక లీటరు, మధ్యాహ్నం ఒక లీటరు తాజాగా కలపండి. సాయంత్రం మిగిలింది పారబోయండి. టీ స్పూను కొలత నమ్మబాకండి, చిన్న కాటా మీద తూచండి. జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు మానదు, అందుకే ఈ మందు నీళ్లలో ఇచ్చేది. గదిలో గానీ వాకిట్లో గానీ ఇంకెక్కడా నీళ్లు దొరక్కూడదు. రేకు కారి చిన్న గుంట నిండినా పిల్లలు మందు గిన్నె వదిలేసి దానికే పోతాయి.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పిల్లలు నీరసంగా ఉన్నాయని అదే నీళ్లలో బి కాంప్లెక్స్ కలుపుతారు. ఆంప్రోలియం పని చేసేదే ఆ క్రిమికి బి1 అందకుండా అడ్డం పడి. మనం పైనుంచి బి1 పోస్తే మందు వృథా. ఆ 5 రోజులూ బి విటమిన్లు వద్దు. విటమిన్ కె, విటమిన్ ఎ ఇవ్వొచ్చు. స్టార్టర్ బస్తా చీటీ మీద కాక్సీడియా మందు ఏదైనా కలిపినట్టు రాసుంటే ఆ పేరు డాక్టరుకి చెప్పండి.

ఊక మొత్తం ఎత్తెయ్యండి, తడిసినంతవరకే తీసి ఊరుకోబాకండి. ఫినాయిలు ఈ గుడ్లని ఏమీ చెయ్యదు. మసలే నీళ్లు నేలంతా పోసి, ఆరనిచ్చి, పల్చగా పొడి సున్నం చల్లి, పైన మూడంగుళాలు కొత్త ఊక పరవండి. మిల్లులో లోపలి కుప్ప నుంచి తెచ్చుకోండి, బయట వాన తగిలిన ఊక వద్దు. రోజూ పొద్దున గుప్పెడు ఊక పిడికిట్లో గట్టిగా నొక్కి వదలండి. పొడిపొడిగా రాలిపోతే బాగున్నట్టు. ముద్దగా నిలబడిందంటే ఆరోజే ఆ చోటు మార్చాలి.

ఇందుకూరుపేట_పెట్ట:

కావలి వారు చెప్పిన మందు సరైనదే. ఒక మాట కలపాలి. చచ్చిన పిల్లని ఇంట్లో కోసి చూడబాకండి. పాలిథిన్ సంచిలో కట్టి పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. డాక్టరు కోస్తే పేగు చివర ఉండే రెండు గుడ్డి సంచులు నెత్తురు గడ్డలతో ముదురు ఎరుపుగా ఉబ్బి కనిపిస్తాయి, ఒక్క నిమిషంలో తేలిపోద్ది. ఇంట్లో ఎందుకు వద్దంటున్నానంటే, 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్ల, మీ కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ తేలింది. పులికాట్, నేలపట్టు వైపు వలస పక్షులు దిగేదీ ఈ వానల నుంచే. మీ పిల్లలవి ఆ లక్షణాలు కావు. కానీ ఎప్పుడైనా పెద్ద కోళ్లు ఒక్కసారిగా పడిపోయి, తురాయి నీలంగా మారి, మొహం వాస్తే చేత్తో తాకకుండా వెంటనే పశు వైద్యులకి చెప్పాలి. 1962కి ఫోన్ చేసినా చాలు.

ఇంగ టీకా సంగతి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. లసోటా బతికున్న వైరస్, ఆ నీళ్లలో పడగానే చాలావరకు చచ్చిపోద్ది. కాబట్టి 7వ రోజు టీకా పడనట్టే లెక్క వేసుకోండి. పెరటి కోళ్లకి నీళ్ల పద్ధతి కంటే కంట్లో చుక్క మేలు. ప్రతి పిల్లకీ పడిందని కళ్లారా చూస్తాం.

ఇప్పుడు మాత్రం వెయ్యబాకండి. నెత్తురు పారుడులో ఉన్న పిల్లకి టీకా వేస్తే ఒంటికి పట్టదు, పైగా ఇంకా కుంగిపోద్ది. 5 రోజుల మందు అయ్యాక, మూడు నాలుగు రోజులు రెట్ట మామూలుగా పడి, మేత తింటున్నాయంటే అప్పుడు లసోటా. సీసా ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. దాంతో ఇచ్చే ద్రావకాన్ని కూడా చల్లగానే ఉంచి కలపాలి. పిల్లని ఎడమ చేత్తో పట్టుకుని, తల పక్కకి తిప్పి, కంట్లో ఒక్క చుక్క. చుక్క వెయ్యగానే వదలొద్దు. కన్ను ఆర్పి, చుక్క లోపలికి ఇంకిందాకా పట్టుకోవాలి. లేకపోతే తల విదిలించి పారేస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక మొదలుపెట్టి, కలిపిన గంటలోపు అయిపోవాలి. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వెయ్యడం దండగ.

సీసా చిన్నదే తీసుకున్నా 100 డోసులు ఉంటాయి. మీవి 21. పక్కింటి నాటుకోళ్లు బయట తిరుగుతుంటే వాటికీ అదేరోజు వేయించండి. వీధి మొత్తం ఒకేసారి వేసుకుంటే సీసా ఖర్చు పంచుకున్నట్టూ ఉంటుంది, కొక్కెర గడప దాటి రాకుండానూ ఉంటుంది.

గంబోరో సరైన వయసు 14 రోజులు, అది దాటిపోయింది. ఇప్పుడు వెయ్యాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. ఆరేడు వారాలకి మశూచి టీకా, రెక్క పొరలో సూదితో గుచ్చుతారు. వరి మడులు, రొయ్యల గుంటల పక్క ఊళ్లలో ఇది మానుకోబాకండి, మశూచిని మోసేది దోమలే. 8 వారాలకి కొక్కెరకే ఇంకో టీకా, ఆర్2బి, అర మిల్లీ, చర్మం కింద. ఆర్2బి ఘాటైన టీకా, తొందరపడి ఆరు వారాల లోపు వేస్తే టీకావల్లే జబ్బు పడతాయి.

కోవూరు_పెరడు:

మందు మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాం. గిన్నె కింద తవ్వి చూస్తే ఊక నల్లగా గడ్డకట్టి ఉంది, జానెడు వెడల్పున. ఘాటు వాసన కూడా. మీరన్నది నిజమే. రాత్రిళ్లు చలికి గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, ఎల్ఈడీ బల్బు వేశాం. గూట్లో పొగాకు కాడలు వేస్తే పేలు పట్టవని టంగుటూరు చుట్టాలు చెప్తున్నారు, వెయ్యొచ్చా? మేత కూడా ఎప్పటిదాకా కొనాలో చెప్పండి.

ఒంగోలు_గూడు:

ఎల్ఈడీ వెలుగిస్తుందే తప్ప వేడి ఇవ్వదండీ. పాత ఫిలమెంటు బల్బు, 60 వాట్లది ఒకటి, నేలకి అడుగున్నర ఎత్తున వేలాడదీయండి. నాలుగో వారంలో పిల్లలకి కావాల్సింది 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపులు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ముద్దగా చేరితే వేడి చాలడం లేదు. గోడలకి అంటుకుని నోళ్లు తెరిస్తే ఎక్కువైంది. గదంతా సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. తుపాను రోజుల్లో కరెంటు పోతే బొగ్గుల కుంపటి లోపల పెట్టొద్దు, తలుపులు మూసిన గదిలో ఆ పొగకే చచ్చిపోతాయి. వేడినీళ్లు సీసాల్లో పోసి, గోనె చుట్టి, మధ్యలో పెట్టండి. నాలుగైదు గంటలకొకసారి మార్చాలి.

మీ గదికి అసలు తప్పు ఉత్తరం వైపు మెష్. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈశాన్యం గాలితో వస్తుంది, జల్లు నేరుగా అటు నుంచే కొడుతుంది. టార్పాలిన్ పట్టాని కింది అంచున బిగించి, పైకి లాగి కట్టుకునేలా అమర్చండి. పైన అడుగు ఖాళీ వదలాలి. పై నుంచి కిందకి దించే తెర అయితే గాలి కింద నుంచి పిల్లల మీదికే కొడుతుంది. పైగా రెట్ట ఘాటు లోపలే నిలిచి కళ్లు మండి నీరు కారతాయి. రేకు చూరు ఆ వైపు మూడడుగులు బయటికి రావాలి, తాటాకు కట్టినా సరిపోద్ది. నేల చుట్టూ జానెడు లోతు కాలవ తీసి నీళ్లు పల్లానికి వదలండి.

నీళ్ల గిన్నె కింద రెండు ఇటుకలు పెట్టి, పిల్ల వీపు ఎత్తుకి అంచు వచ్చేలా లేపండి. పిల్లలు పెరిగేకొద్దీ ఇటుక కలపాలి. ఇటుకల కింద ఊక బదులు ఇసుక పళ్లెం పెడితే ఒలికిన నీళ్లు అందులోనే ఆగుతాయి. మీ జబ్బు పుట్టింది ఆ జానెడు చోటులో, కాబట్టి రోజూ ముందు చూడాల్సింది అదే.

మీ గది 40 చదరపు అడుగులు. 8 వారాల దాకా 21 పిల్లలకి ధారాళం. పెద్దయ్యాక ఒక్కోదానికి రెండు అడుగులు కావాలి, అంటే 42, అప్పటికి కాస్త ఇరుకవుతుంది. వచ్చే ఏడాదికైనా సరుగుడు కర్రల మీద రెండున్నర అడుగుల ఎత్తున వెదురు బద్దల నేల వేసుకోండి, బద్దకీ బద్దకీ మధ్య అరంగుళం సందు. రెట్ట కింద పడిపోద్ది, కోడి దాన్ని తొక్కే పనే ఉండదు. ఊక మీద పెట్టే శ్రద్ధలో సగం చాలు. మెష్ అరంగుళానిదే వాడండి. అంగుళం కంతలోంచి పాము దూరుతుంది.

పొగాకు కాడలు వద్దే వద్దు. మా కొండపి, టంగుటూరు వైపు చాలామంది వేస్తారు, నాకు తెలుసు. నికోటిన్ పేలని చంపుతుంది, కోడికీ అది విషమే. పిల్లలు ఆ ముక్కలు ఏరుకు తింటాయి. పొయ్యి బూడిద ఒక పాలు, పొడి ఇసుక మూడు పాళ్లు కలిపి తట్టలో పోసి మూలన పెట్టండి, అవే పొర్లుకుంటాయి.

మేత 8 వారాల దాకా స్టార్టరే కొనండి, అక్కడ ఆదా చెయ్యొద్దు. తర్వాత ఇంట్లో పది కిలోలకి ఇట్లా కలుపుకోవచ్చు: నూకలు 5 కిలోలు, తవుడు 2 కిలోల 200, వేరుశనగ చెక్క 2 కిలోలు, ఎండు చేపల పొడి అరకిలో, ఖనిజ లవణాల మిశ్రమం పావుకిలో, ఉప్పు 30 గ్రాములు. చేప ఉప్పు పట్టించి ఎండేసిందైతే నానబెట్టి కడిగి మళ్లీ ఎండబెట్టి వాడండి, విడిగా ఉప్పు కలపొద్దు. ఉప్పెక్కువైతే నీళ్లు తెగ తాగి పల్చటి రెట్ట వేస్తాయి, ఊక మళ్లీ మొదటికొస్తుంది. ఈ నెలల్లో చెక్కకి బూజు పడుతుంది. బూజు పట్టిన చెక్క ఎండబెట్టినా, వేయించినా దాంట్లో విషం పోదు, పారెయ్యాల్సిందే. గుల్ల పొడి ఇప్పుడే మేతలో కలపొద్దు. గుడ్డుకి రాని కోడికి సున్నం ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదటి గుడ్డు కనపడ్డాక వేరే చిప్పలో పెట్టండి, కావలసినంత అవే తింటాయి.

కోవూరు_పెరడు:

చాలా థాంక్స్ అండీ. పట్ట రేపే కడతాం. చివరిగా ఒకటి. వీటిని బయట ఎప్పుడు వదలొచ్చు? పక్కింటి కోళ్లు గోడ దాటి వస్తుంటాయి.

ఇందుకూరుపేట_పెట్ట:

ఆర్2బి వేసిన రెండు వారాలకి, అంటే పది వారాల వయసు నిండాక. అప్పుడు కూడా మొదటి వారం సాయంత్రం రెండు గంటలే వదలండి, చీకటి పడేలోపు మేత గిన్నె చప్పుడు చేస్తే గూటికి వచ్చేదానికి అలవాటు పడతాయి. వాన పడ్డ మర్నాడు, గుంటల్లో నీళ్లు ఇంకిందాకా వదలబాకండి.