కలిగియుందమా, కలిగియుందుమా?

పాతపుటలు: బైబిలులో పౌలు రాసిన రోమా పత్రిక (లేఖ) 5:1 చివర “దేవునితో సమాధానము కలిగియుందము” అనా, “కలిగియుందుము” అనా? కంఠపాఠంలో కొమ్ము ఉన్నట్టే గుర్తు.

ఛందోభిమాని: అచ్చులో కొమ్ము లేదు. “ఉందము” అంటే ఉందాం రండి అని పిలుపు. “ఉందుము” తద్ధర్మం, అంటే ఎప్పుడూ ఉంటాం అని. ఒక్క కొమ్ముతో ఉపదేశం కాస్తా ప్రకటన అయిపోతుంది.

గ్రీకుపిచ్చి: తగవు తెలుగులో పుట్టింది కాదండీ. గ్రీకు మూలంలో ఎఖొమెన్ అంటే కలిగి ఉన్నాం, ఎఖోమెన్ అంటే కలిగి ఉందాం. నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు చేతిరాత ప్రతులైన సైనాయ్, వాటికన్ రెండింటిలోనూ మొదట రాసిన చేయి దీర్ఘమే రాసింది, దిద్దిన చేయి హ్రస్వం చేసింది. నేటి సంపాదకులు హ్రస్వం వైపే. పలుకులో ఆ రెండూ కలిసిపోతున్న కాలం అది. పౌలు చెబుతుంటే రాసిన తెర్తియు (16:22) చెవికే తేడా అందిందో లేదో!

ఆకుకట్ట: అలాగైతే నకలు రాసినవాళ్ళను తిట్టి లాభం లేదు. ఇంతకీ మూలం ఏది? పౌలు నోరా, తెర్తియు కలమా? సైనాయ్ కన్నా పాతదైన పపైరస్ ప్రతి పి46 ఏమంటోంది?

గ్రీకుపిచ్చి: ఏమీ అనదు. అందులో రోమా పత్రిక 5:17 నుంచే మిగిలింది.

ఛందోభిమాని: మన తాళపత్రాల్లోనూ ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపని లేఖకులే ఎక్కువ. అయినా తిక్కన పద్యంలో దీర్ఘం పోతే గణం అరిచి చెబుతుంది. పౌలుది వచనం, ఆ కాపలా లేదు.

ఆకుకట్ట: తిక్కన సరే, వేమన మాటేమిటి? 1829లో అచ్చు వేయడానికి బ్రౌను పోగుచేసిన ప్రతులు ఒకదానితో ఒకటి పొసగవు. ఆటవెలది నడక చెడకుండానే మాటలు మారిపోయాయి. గణం మాత్రను కాస్తుంది, అర్థాన్ని కాదు.

పాతపుటలు: వచనానికి ప్రతుల సంఖ్యే కాపలా కదా? గ్రీకులోనే ఐదు వేలకు పైగా ఉన్నాయి.

గ్రీకుపిచ్చి: సంఖ్య కాదు, వంశం చూడాలి. ఒక తప్పుకు వెయ్యి నకళ్ళు తీస్తే వెయ్యి సాక్ష్యాలు కావు. తేడాల్లో అధికభాగం వర్ణక్రమానివే, అర్థం కదలదు. ఇలా కదిలేవి కొన్నే.

ఆకుకట్ట: వాటికన్ ప్రతిలో హెబ్రీ పత్రిక 1:3 పక్కన ఒక లేఖకుడు, తనకన్నా ముందు దిద్దినవాడిని “మూర్ఖుడా, దుష్టుడా, పాతదాన్ని ఉండనివ్వు, మార్చకు” అని తిట్టిపోశాడు. నకలు ఎంత శ్రద్ధగా రాసేవారో దానితోనే తెలుస్తుంది.

గ్రీకుపిచ్చి: తిట్టినవాడు నిలబెట్టిన పాఠమే తప్పండీ. మిగతా ప్రతులు దాదాపు అన్నీ దిద్దినవాడి పక్షమే.