రంజీ సీజనంతా ఆంధ్ర జట్టు వెంట: మన రెండు జిల్లాల అభిమానుల అనుభవాలు

నాగావళి (శ్రీకాకుళం)
ఐపీఎల్‌లో మనదని చెప్పుకోవడానికి ఒక జట్టు లేదన్న బాధ మా ఇంట్లో ఏటా వినిపిస్తూనే ఉంటుంది. అందువల్ల ఈసారి, రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ ట్రోఫీ క్రికెట్ పోటీలో ఆడే ఆంధ్ర జట్టును అక్టోబరులో మొదటి బంతి పడినప్పటి నుంచి చివరి మ్యాచ్ ముగిసేదాకా వదలకుండా అనుసరించాలని నేనూ మా తమ్ముడూ నిశ్చయించుకున్నాము. అయితే నాలుగు రోజుల ఆటను, అదీ పనిదినాల్లో జరిగే ఆటను, ఉద్యోగం చేసుకుంటూ ఎలా అనుసరించాలో, మైదానానికి ఒక్కరోజే వెళ్ళగలిగితే ఏ రోజు వెళ్ళాలో మాకు తెలియదు. చాలాకాలంగా చూస్తున్నవారు మీ అనుభవాలు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

చింతలవలస మాస్టారు (విజయనగరం)
నాగావళి గారూ, ముందుగా సీజను ఎలా నడుస్తుందో చెబుతాను. మన జట్టు ఆడే పై అంచెలో, అంటే ఎలైట్ విభాగంలో, 32 జట్లు 4 గ్రూపులుగా ఆడతాయి. ఒక్కొక్క జట్టుకు 7 లీగ్ మ్యాచ్‌లు ఉంటాయి, ప్రతి గ్రూపు నుంచి తొలి రెండు జట్లు క్వార్టర్ ఫైనల్‌కు వెళతాయి. 2024-25 నుంచి లీగ్ దశను రెండు భాగాలు చేశారు. అక్టోబరు, నవంబరు నెలల్లో కొన్ని మ్యాచ్‌లు జరిగాక ఆటగాళ్ళందరూ టీ20లకు, వన్డే పోటీలకు మళ్ళుతారు, సంక్రాంతి దాటిన తరువాతే మళ్ళీ రంజీలో వాడే ఎర్రబంతి చేతికొస్తుంది. ఈ విరామంలోనే చాలామంది అభిమానులు పట్టు వదిలేస్తారు. నవంబరు చివర పాయింట్ల పట్టికను ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే జనవరిలో కథ ఎక్కడ ఆగిందో వెంటనే గుర్తుకొస్తుంది.

ఇక మైదానం సంగతి. మన జట్టు సొంతగడ్డ మీద ఆడే మ్యాచ్‌లలో కొన్ని విశాఖలోనూ, కొన్ని మా ఊళ్ళోని డాక్టర్ పి.వి.జి. రాజు ఏసీఏ క్రీడా ప్రాంగణంలోనూ జరుగుతుంటాయి. జనం పలుచగా ఉంటారు కాబట్టి కీపరు తన పక్కన నిలబడే స్లిప్ ఫీల్డర్లతో మాట్లాడే మాట కూడా మనకు వినిపిస్తుంది. టెలివిజన్‌లో ఎన్నేళ్ళు చూసినా తెలియని ఒక విషయం అక్కడ ఒక్కపూటలో తెలుస్తుంది: ఫాస్ట్ బౌలరు అలసిపోతున్నకొద్దీ స్లిప్‌లు ఒక్కొక్క అడుగు ముందుకు జరగడం, బంతి పాతబడ్డాక కెప్టెన్ కవర్స్‌లోంచి ఒకరిని తీసి మిడ్‌వికెట్‌లో పెట్టడం, ఇవన్నీ కెమెరా చట్రానికి బయట జరిగే పనులు.

ఒక్కరోజే సెలవు దొరికితే మూడో రోజు వెళ్ళండి. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఎవరిదన్న ప్రశ్న ఎక్కువగా రెండో రోజు సాయంత్రానికీ మూడో రోజు మధ్యాహ్నానికీ మధ్యనే తేలుతుంది.

ఆమదాలవలస రైలు
మాస్టారి మాటకు నాదొక చేర్పు. ఆ ఆధిక్యానికి అంత విలువ ఎందుకన్నది పాయింట్ల లెక్క తెలిస్తే గాని బోధపడదు. పూర్తి విజయానికి 6 పాయింట్లు వస్తాయి. ఇన్నింగ్స్ తేడాతో గానీ 10 వికెట్ల తేడాతో గానీ గెలిస్తే మరొక పాయింటు కలుస్తుంది. మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం సాధించిన జట్టుకు 3, వెనుకబడిన జట్టుకు 1. కాబట్టి ప్రత్యర్థి 320 పరుగులు చేసిన చోట మన తొమ్మిదో వికెట్టు 305 వద్ద పడిందంటే, ఆ చివరి జంట చేయవలసిన 16 పరుగుల మీద 2 పాయింట్ల తేడా ఆధారపడి ఉంటుంది. ఏడు మ్యాచ్‌ల లీగ్‌లో 2 పాయింట్లు చిన్నవి కావు. పదకొండో నంబరు ఆటగాడు ఒక బంతిని వదిలేస్తే గ్యాలరీలో ఉన్న కొద్దిమందీ చప్పట్లు కొట్టడం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు గాని, ఆ చప్పట్లు అచ్చంగా న్యాయమైనవే.

నేను రోజూ రైలులో తిరిగే ఉద్యోగిని. ప్రతి రౌండులోనూ కొన్ని మ్యాచ్‌లకే ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది కాబట్టి మిగిలినవాటికి బీసీసీఐ వెబ్‌సైటులోని స్కోరుకార్డే నాకు ఆధారం. పరుగులను గంటకోసారి చూడటం కన్నా భోజన విరామం, టీ విరామం, ఆట ముగింపు అనే మూడు వేళల్లో చూసి, ఆ సెషన్ ఎవరిదో మనసులో తీర్పు చెప్పుకోవడం మేలని నా అభిప్రాయం. అలా చూస్తే ఆట నడక తెలుస్తుంది, పనీ చెడదు.

టెక్కలి కుర్రాడు
మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. స్పిన్ ఆల్‌రౌండరు త్రిపురాన విజయ్ మా టెక్కలివాడు. 2024 నవంబరులో జరిగిన ఐపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆయనను 30 లక్షల రూపాయలకు తీసుకున్నప్పుడు ఊరంతా పండుగ చేసుకుంది. పెద్ద మైదానాలు, పేరున్న అకాడమీలు అందుబాటులో లేని చోటి నుంచి ఒక కుర్రవాడు ఆంధ్ర జట్టు దాకా వెళ్ళాడంటే, సాయంత్రం పూట మా ఊరి పిల్లలు బంతి తిప్పే తీరే మారిపోయింది. జట్టును అనుసరించడానికి నాకు ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

బొబ్బిలి అభిమాని
మీరందరూ రాసినదాంట్లో ఇండోర్ ప్రస్తావన రాలేదు. ఆంధ్ర జట్టు అభిమానిగా ఉండటమంటే ఏమిటో అక్కడ జరిగిన రెండు మ్యాచ్‌లే నాకు నేర్పాయి కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

మొదటిది 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌తో జరిగిన క్వార్టర్ ఫైనల్. అవేశ్ ఖాన్ వేసిన బౌన్సరు తగిలి మన కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది, ఆయన మైదానం విడిచి వెళ్ళిపోయారు. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 చేసి జట్టును నిలబెట్టారు. తొమ్మిదో వికెట్టు పడ్డాక, ఇక ఇన్నింగ్స్ ముగిసిందనుకున్న వేళ, విహారి మళ్ళీ బ్యాటు పట్టుకొని వచ్చారు. కుడిచేతివాటం ఆటగాడు, విరిగిన చేతిని కాపాడుకోవడానికి ఎడమచేతివాటానికి మారి, చాలామటుకు ఒంటిచేత్తోనే ఆడారు. జట్టు 379కి చేరింది, ప్రత్యర్థిని 228కే కట్టడి చేసి 151 పరుగుల ఆధిక్యం సంపాదించింది. అప్పటికే సెమీఫైనల్ ప్రయాణం గురించి మా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. రెండో ఇన్నింగ్స్‌లో మన జట్టు 93కు కుప్పకూలింది, మధ్యప్రదేశ్ 5 వికెట్ల తేడాతో గెలిచింది.

మరుసటి ఏడాది మళ్ళీ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ అదే ప్రత్యర్థి, అదే హోల్కర్ స్టేడియం. ఈసారి మన బౌలర్లు రెండో ఇన్నింగ్స్‌లో వారిని 107కే ముగించారు. లక్ష్యం 170. నాలుగో రోజు ఉదయం మన చేతిలో 6 వికెట్లున్నాయి, కావలసినవి 75 పరుగులు. విహారి 55 చేసి వెనుదిరిగారు, చివరికి జట్టు 165 వద్ద ఆలౌటైంది. నాలుగు పరుగుల తేడాతో ఓటమి! ఆ సీజనులో రంజీ మొత్తానికి అత్యధికంగా 902 పరుగులు చేసినవాడు మన రికీ భుయ్, అయినా జట్టు క్వార్టర్ ఫైనల్ దాటలేకపోయింది. సీజనులో జరిగిన ఎంతో మంచి ఆట ఒక్క ఉదయంతో పక్కకు వెళ్ళిపోయిందని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇందులో నన్ను కలచివేసే మరో సంగతి ఉంది. ఒకప్పుడు ఇండోర్ కేంద్రంగా ఆడిన హోల్కర్ జట్టుకు ఏళ్ళ తరబడి నాయకత్వం వహించిన సి.కె. నాయుడే, 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు దానికీ నాయకుడు. ఆయన ఆటతో పేరు తెచ్చుకున్న నగరంలోనే ఆయన నడిపించిన మన జట్టు వరుసగా రెండేళ్ళు ఆగిపోయింది.

చింతలవలస మాస్టారు (విజయనగరం)
బొబ్బిలి గారూ, మీ బాధ నాదీ. అయితే సీజను మొత్తాన్ని ఆ ఒక్క ఉదయంతో కొలవడాన్ని నేను ఒప్పుకోను. 2024 జనవరిలో విశాఖలో బెంగాల్ మీద భుయ్ 175 చేసిన ఇన్నింగ్స్‌ను తరువాతి ఓటమి తుడిచివేయలేదు. అలాగే 2015లో గోవా మీద కె.ఎస్. భరత్ చేసిన 308, అంటే రంజీ చరిత్రలో ఒక వికెట్ కీపరు చేసిన మొదటి త్రిశతకం, ఏ కప్పూ తేకపోయినా మన జట్టు చరిత్రలో పెద్ద పుటే. ఆంధ్ర ఇంతవరకు రంజీ గెలవలేదు. గెలుపు కోసమే చూసేవారికి ఈ జట్టు తగదు, ఆట కోసం చూసేవారికి మాత్రం ఏటా ఏదో ఒకటి ఇస్తూనే ఉంది.

ఆమదాలవలస రైలు
మంచి ఆటగాళ్ళు పైస్థాయికి వెళ్ళిపోతే జట్టు బలహీనపడుతుందని కొందరు విసుక్కుంటారు. అయితే మన జట్టువాడే అయిన నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో భారత్ తరఫున టెస్టు శతకం చేసినప్పుడు, అంతకు ముందు ఇండోర్‌లో బౌలరుగా అతనిని అనుసరించినవారికి కలిగిన సంతోషం వేరు. విహారి 2025లో త్రిపుర జట్టుకు వెళ్ళారు. ఖాళీ అయిన చోట ఎవరు నిలబడతారో చూడటమే వచ్చే సీజనులో అన్నిటికన్నా ఆసక్తికరమని నాకు తోస్తున్నది.

నాగావళి (శ్రీకాకుళం)
అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది: అక్టోబరు, నవంబరు మ్యాచ్‌లకు రావాలా, జనవరి దాకా ఆగాలా?

చింతలవలస మాస్టారు (విజయనగరం)
రెండింటికీ రాగలిగితే రండి. ఒకటే కుదిరితే జనవరిని ఎంచుకోండి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం, వాన వల్ల తొలి ఇన్నింగ్స్‌లే పూర్తికాని మ్యాచ్‌లు ఉంటాయి. పైగా నవంబరులో మన వైపు సూర్యుడు ఐదున్నరకు ముందే అస్తమిస్తాడు, వెలుతురు చాలక అంపైర్లు ఆట ఆపి బెయిల్స్ తీసేయడం మామూలే. జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది, తొమ్మిదిన్నరకు ఆట మొదలయ్యేసరికి పచ్చికలో ఇంకా తేమ ఉండటం వల్ల కొత్త బంతి మొదటి గంటలో బాగా కదులుతుంది. శ్రీకాకుళం నుంచి తెల్లవారుజామున బయలుదేరితే ఆ గంట మీకు దక్కుతుంది. కాలపట్టిక వెలువడగానే విజయనగరంలో జరిగే మ్యాచ్ తేదీలను ఇక్కడే రాస్తాను, మీ తమ్ముడిని కూడా తీసుకురండి.